టెక్సాస్ కత్తులు కాలిఫోర్నియాకు తీసుకెళ్లవచ్చా?

డాలస్ నుంచి లాస్ ఏంజెలిస్‌కు మారుతున్నానని, వేటకత్తి, స్విచ్‌బ్లేడ్ (బటన్ నొక్కగానే బ్లేడు దానంతటదే తెరుచుకునే కత్తి) వెంట తీసుకెళ్లవచ్చా అని అడిగారు. స్విచ్‌బ్లేడ్‌ను దయచేసి డాలస్‌లోనే ఎవరికైనా అప్పగించి రండి. టెక్సాస్ 2013లో దానిపై నిషేధం ఎత్తేసింది గానీ, కాలిఫోర్నియాలో బ్లేడు 2 అంగుళాలున్నా చాలు, జేబులో పెట్టుకోవడం నేరం. రోడ్డు మీద కారులో మీరు కూర్చునే చోట ఉంచినా నేరమే.

వేటకత్తి ఇంట్లో ఉండవచ్చు. బయట దుస్తుల కింద దాస్తే రాష్ట్ర చట్టం ఒప్పుకోదు, నడుముకు ఒరలో పైకి కనిపించాలంటుంది. కానీ లాస్ ఏంజెలిస్ నగర నిబంధన 3 అంగుళాలు, ఆపై బ్లేడున్న కత్తి బయటికి కనిపించకూడదంటుంది! వృత్తికి, వేట వంటి వినోదానికి మినహాయింపులున్నాయి. మామూలు రోజుల్లో మాత్రం దాన్ని వెంట పెట్టుకోకండి. మామూలు మడత కత్తిని మూసి జేబులో పెట్టుకోవచ్చు, పాఠశాలల ఆవరణలోకి మాత్రం వద్దు.