నాలుగు కాళ్ళ కోడిపిల్ల: కాళ్ళ కంటే ముందు చూడవలసినవి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. మా అత్తగారి కాలం నుంచి ఇంట్లో నాటుకోళ్ళు ఉన్నాయి. ఈ విడత పొదగేసిన 11 గుడ్లకు పెట్ట 9 పిల్లలు చేసింది. వాటిలో ఒకదానికి మామూలు కాళ్ళు రెండూ కాక, తోక కింద మరో రెండు చిన్న కాళ్ళు వేలాడుతున్నాయి. వాటికి వేళ్ళు, గోళ్ళు ఉన్నాయి గానీ కదలిక లేదు. పిల్ల నిలబడుతోంది, నీళ్ళు తాగుతోంది. దారం బిగించి కట్టేస్తే అవే ఎండి రాలిపోతాయని ఒకరు, గ్రహణం రోజుల్లో పొదగేసినందుకే ఇలా అయిందని, ఇంట్లో ఉంచుకుంటే అరిష్టమని మరొకరు అంటున్నారు. వీధి వీధంతా చూడడానికి వస్తోంది. పిల్ల బతుకుతుందా? నేను ఏమేమి గమనించాలి? ఆ పెట్ట గుడ్లు తినవచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ఈ సంచిక మీ చేతికి అందేసరికి పిల్లకు రెండు మూడు వారాలు నిండుతాయి కనుక, ఆలస్యం కూడని మాటలు మీకు ముందే ఫోనులో చెప్పాను. ఇలాంటి పిల్ల ఏ ఇంటి గంప కిందనైనా పుట్టవచ్చు కాబట్టి, అవే సంగతులను మిగిలిన పాఠకుల కోసం వివరంగా రాస్తున్నాను.

మొదట దారం సంగతి. దయచేసి ఎవరు చెప్పినా ఆ పని చేయవద్దు. అదనపు కాళ్ళు చర్మానికి మాత్రమే అంటుకుని ఉన్నట్టు పైకి కనిపించినా, లోపల కటి ఎముకతోను, పెద్ద రక్తనాళాలతోను కలిసి ఉండడం చాలా సందర్భాల్లో జరుగుతుంది. దారం బిగిస్తే ఆ భాగం కుళ్ళి, చీము లోపలికి పాకి, కాళ్ళు రాలేలోపే పిల్ల చనిపోతుంది. తీయవలసిన అవసరం నిజంగా ఉందో లేదో కొన్ని వారాలు పెరిగిన తరువాత పశువైద్యుడు చేత్తో తడిమి, వీలైతే ఎక్స్‌రే తీసి నిర్ణయించాలి. ఈలోగా అవి ఉన్నందువల్ల పిల్లకు సాధారణంగా నొప్పి ఉండదు.

అందరి చూపూ ఆ కాళ్ళ మీదే ఉంటుంది గానీ, ఇటువంటి పిల్లల ప్రాణం సాధారణంగా పోయేది కాళ్ళ వల్ల కాదు. పిండదశలో శరీరం వెనుక భాగం సరిగా ఏర్పడనప్పుడు, రెట్ట వేసే ద్వారం మూసుకుపోయి ఉండడమో, పక్కకు జరిగి ఉండడమో, ఒక్కొక్కప్పుడు రెండు ఉండడమో జరుగుతుంది. అందువల్ల మొదటి రోజునే పిల్లను అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి, దీపం వెలుతురులో పొట్ట కింది భాగాన్ని నిదానంగా చూడాలి. అక్కడ రెండు చోట్లను వేరువేరుగా గుర్తుపట్టడం ముఖ్యం. పొట్ట మధ్యలో ఉండేది బొడ్డు. తోక మొదట్లో ఉండేది రెట్ట ద్వారం. బొడ్డు మీద ఎండిన నల్లటి పొక్కు ఉంటే, దాన్ని అంటుకున్న రెట్ట అనుకుని గిల్లి తీసేసేవారిని ఎందరినో చూశాను. అలా తీస్తే పేగు బయటికి వచ్చే ప్రమాదం ఉంది. పొక్కును గాని, సన్నటి ఎండు తీగలాంటిది వేలాడుతుంటే దాన్ని గాని ముట్టుకోకూడదు. తడిగా, ఎర్రగా, వాసనగా ఉంటే మాత్రం గాయాలకు రాసే పోవిడోన్ అయోడిన్ మందును నీళ్ళతో పలచన చేసి దూదితో అద్ది, అదే రోజు వైద్యుడికి చూపించాలి.

రెట్ట ద్వారం విషయానికి వస్తే, పిల్ల రెట్ట వేస్తోందా లేదా అన్నదే అసలు పరీక్ష. దానికోసం అడుగున తెల్లటి పాతగుడ్డ పరిచి చూడండి. రెండో రోజు గడిచినా గుడ్డ మీద మరక పడకుండా, పొట్ట బంతిలా బిగిసిపోతే లోపల దారి లేదని అర్థం; దానికి ఇంటి వైద్యం లేదు. రెట్ట వేస్తోంది గానీ ఆ చిన్న కాళ్ళకు అంటుకుని గట్టిపడుతోంది అంటే, గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డను కాసేపు అద్ది మెత్తబరచి తుడవాలి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి. మీ పిల్ల విషయంలో రోజూ చేయవలసి వచ్చే పని ఇదే.

మొదటి రెండు రోజులు మేత ముట్టకపోయినా కంగారుపడకండి. గుడ్డులోని పచ్చసొన పొదిగిన 19, 20 రోజుల ప్రాంతంలో పిల్ల పొట్టలోకి వెళ్ళిపోతుంది; పుట్టిన తరువాత 48 నుంచి 72 గంటల వరకు దానికి అదే ఆహారం. ఆ తరువాత తింటోందో లేదో కళ్ళతో చూసి చెప్పలేము, ఎందుకంటే తోటి పిల్లలతో కలిసి ముక్కుతో పొడుస్తూనే ఏమీ మింగని పిల్లలు ఉంటాయి. సాయంత్రం మెడ కింద, రొమ్ముకు కుడివైపున ఉండే మేతసంచిని వేలికొసతో తాకి చూడండి. నానిన శనగగింజలా మెత్తగా, నిండుగా తగిలితే తిన్నట్టే.

ఇంతకంటే నమ్మదగినది బరువు. ఒక్కొక్క గ్రాము చూపించే చిన్న వంటింటి తూకం ఉంటే చాలు. దాని మీద గిన్నె, గిన్నెలో గుడ్డ వేసి, రోజూ ఉదయం మేతకు ముందు ఒకే వేళకు తూచి కాగితం మీద రాసిపెట్టండి. నాటుకోడి పిల్ల పుట్టినప్పుడు సుమారు 30 గ్రాములు ఉంటుంది. పచ్చసొన కరుగుతున్న మొదటి రెండు రోజులు ఒకటి రెండు గ్రాములు తగ్గడం సహజమే. నాలుగో రోజు నుంచి పెరగాలి. అప్పటి నుంచి వరుసగా రెండు రోజులు తగ్గినా, రెక్కలు జారవేసి కళ్ళు మూసుకుని నిలబడినా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి. తోటి పిల్లల్లో ఒకదానిని కూడా పక్కనే తూచి రాస్తే, తేడా మీకే తెలుస్తుంది.

తల్లి దగ్గర ఉంచాలా, వేరు చేయాలా అని మీరు ఫోనులో అడిగారు. తల్లి దానిని రెక్కల కింద చేర్చుకుంటున్నంత కాలం అంతకు మించిన చోటు లేదు. అయితే వేలాడే వేళ్ళను పురుగనుకుని తల్లి గాని, తోటి పిల్లలు గాని పొడుస్తాయేమో మొదటి రోజంతా కనిపెట్టి ఉండాలి. ఒక్కసారి రక్తం కనిపిస్తే అన్నీ అక్కడే పొడుస్తాయి. అలా జరిగితే వేరు చేయక తప్పదు. వేరు చేసినప్పుడు ఒంటరిగా ఉంచకుండా సాత్వికమైన పిల్లనొకదానిని జతగా పెట్టండి, ఒంటరి పిల్ల అరిచి అరిచి మేత మానేస్తుంది. అట్టపెట్టెలో ఒక చివర 40 వాట్ల పాతరకం బల్బు వేలాడదీసి, రెండో చివర చల్లగా వదలాలి. పిల్ల వీపు ఎత్తులో 33 నుంచి 35 డిగ్రీల వేడి ఉండాలి. వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు. బల్బు కింద కుప్పగా చేరి అరుస్తుంటే చలి, దూరంగా పోయి నోరు తెరిచి ఎగరోజుతుంటే వేడి. మీ కొండప్రాంతపు పుష్యమాసపు రాత్రులలో కరెంటు పోతే వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పెట్టండి. మేతగా బియ్యపు నూక ఒక్కటే చాలదు. సన్నగా విసిరిన చోడి (రాగి) నూకలో ఉడికిన గుడ్డు చిదిమి కలిపితే మాంసకృత్తులు అందుతాయి, స్టార్టర్ దాణా (కోడిపిల్లల కోసమే తయారుచేసి అమ్మే మేత) దొరికితే ఇంకా మంచిది.

చూడవచ్చేవారిని గడప దగ్గరే ఆపండి. చేతులు మారుతూ పది నిమిషాలు బయట ఉంటే ఆ పసిప్రాణి చల్లబడిపోతుంది. అంతకు మించి, వేరే ఇళ్ళ కోళ్ళ రోగాలు చెప్పుల మీదుగా వస్తాయి. పెరటి కోళ్ళను మూకుమ్మడిగా తుడిచిపెట్టేది రాణీఖేత్ జబ్బు. కుమావూఁ కొండలలోని ఊరి పేరు మీద మన దేశంలో దానికి ఆ పేరు స్థిరపడింది. 5 నుంచి 7 రోజుల మధ్య కంటిలో గాని ముక్కులో గాని వేసే చుక్కల టీకాను మిగిలిన ఎనిమిదింటితో పాటు, హుషారుగా ఉంటే ఈ పిల్లకు కూడా వేయించండి. మీ పశువైద్యశాలలో అడగండి.

గ్రహణానికి, దీనికి సంబంధం లేదు. కోడిపిండంలో కాళ్ళ మొగ్గలు పొదిగిన మూడు నాలుగు రోజులకే పుట్టుకొస్తాయి. తేడా ఏదైనా జరిగితే ఆ మొదటి రోజులలోనే జరుగుతుంది. ఒకే సొన మీద రెండు పిండాలు మొదలై పూర్తిగా విడిపోకపోవడం, వేడి హెచ్చుతగ్గులు, గుడ్లను పది రోజులకు మించి నిలవ ఉంచడం, తల్లికి విటమిన్లు చాలకపోవడం, దగ్గర రక్తసంబంధం ఉన్న పుంజు, పెట్టలు కలవడం కారణాలలో ఉన్నాయి. ఒక్క పిల్లను చూసి ఇదే కారణమని చెప్పలేము. తరువాతి విడతలో కూడా వంకర పిల్ల పుడితే మాత్రం పుంజును మార్చండి. ఇది అంటురోగం కాదు; ఆ పెట్ట గుడ్లు నిశ్చింతగా తినవచ్చు. మీ అత్తగారికి కూడా ఈ మాట చదివి వినిపించండి.

బతుకుతుందా అన్నారు. రెట్ట సాఫీగా పోతూ, బరువు పెరుగుతూ, సొంత కాళ్ళ మీద నడుస్తుంటే బతికే అవకాశం ఉంది. ఇలాంటి కోళ్ళు పెరిగి పెద్దవైన సందర్భాలు ఉన్నాయి. నాలుగు రోజులకు కూడా నిలబడలేక, పొట్ట ఉబ్బి, ఊపిరికి ఇబ్బంది పడుతుంటే బాధను పొడిగించవద్దు. నొప్పి లేకుండా సాగనంపడానికి వైద్యుడి సాయం తీసుకోండి. గద్దలకు వదలడం, నీళ్ళలో ముంచడం వంటివి చేయవద్దు.

ప్రశ్న: మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ. నిన్న పుట్టిన పిల్లకు రెండు కాళ్ళూ చెరోవైపు చాచుకుపోయి, పొట్ట మీద పాకుతోంది. ఇది కూడా పుట్టు లోపమేనా? (ఒక పాఠకుడు)

జవాబు: చాలావరకు కాదండీ. నున్నటి టైల్స్ మీదనో, దినపత్రిక కాగితం మీదనో పిల్లలను వదిలితే కాళ్ళు జారి ఇలా అవుతుంది. వెంటనే అడుగున గోనెపట్టా పరచండి. గాయాలకు అంటించే మెత్తటి పట్టీని సన్నగా కత్తిరించి, రెండు కాళ్ళకూ పాదాల పైన చుట్టి, మధ్యలో ఒక అంగుళం ఎడం ఉండేలా కలపండి. పట్టీ బిగిసి కాలు వాచిందేమో పూటపూటకు చూస్తూ, 3 నుంచి 5 రోజులు ఉంచితే ఎక్కువ పిల్లలు నడుస్తాయి. ఎముకలు మెత్తగా ఉన్న మొదటి రెండు మూడు రోజులలోనే ఇది బాగా పనిచేస్తుంది, కాబట్టి ఈ జవాబును కూడా మీకు ఉత్తరం అందిన రోజే ఫోనులో చెప్పాను.