కడప చార్టర్ల సంగతి

చిరంజీవి శీనుకి, మామయ్య ఆశీస్సులు.

కడప నుంచి చార్టర్లు, అంటే అద్దె విమానాలు, నడపాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషమూ వేసింది, గుబులూ పుట్టింది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే పర్మిట్, మాన్యువళ్ళు, ఇన్సూరెన్సు కన్సల్టెంటు చూసుకుంటాడు. వాటి గురించి బెంగ లేదు.

నా బెంగంతా నువ్వు పంపిన లెక్క మీదే. అందులో కడప–చెన్నై నలభై నిమిషాలే వేశావు. నువ్వు అద్దెకి తీసుకునే చిన్న విమానం కింగ్ ఎయిర్ ఉండేది హైదరాబాదు బేగంపేటలో కదరా! అక్కడి నుంచి కడపకి ముప్పావు గంట పైన ఖాళీగా రావాలి. చెన్నైలో జనాన్ని దింపాక హైదరాబాదుకి గంటంపావు ఖాళీగానే పోవాలి. గాల్లో మొత్తం పావుతక్కువ మూడు గంటలైతే, మనుషులు కూర్చునేది నలభై నిమిషాలు. ఆ ఖాళీ గంటలకీ డబ్బు కట్టేది కస్టమరే. కడితే సరే, కట్టనంటే? కొత్తగా దిగినవాళ్ళు మునిగేది ఇక్కడే. పైగా ఎంత తక్కువ ఎగిరినా రోజుకి కనీసం రెండు గంటలకి బిల్లు వేయడం ఈ వ్యాపారంలో మామూలే.

విమానం కడపలోనే పెడతానంటావేమో. పెడితే ఇద్దరు పైలట్లకీ, ఇంజినీరుకీ ఎగిరినా ఎగరకున్నా జీతాలివ్వాలి. పెద్ద ఇన్‌స్పెక్షన్ వస్తే హైదరాబాదుకో బెంగళూరుకో పోవాల్సిందే. అందుకే ముందు కొనొద్దు. పర్మిట్ ఉన్న ఆపరేటరుతో గంటల లెక్కన మాట్లాడుకుని ఏడాది బుకింగులు తెచ్చి చూడు.

మే నెలలో కడప ఎండకి గాలి పలచబడి, విమానం మూడున్నర వేల అడుగుల ఎత్తు ఊళ్ళో ఉన్నట్టే ఈడుస్తుంది. ట్యాంకు నిండా పోసి సీట్లన్నీ అమ్మకు. ప్రయాణం రోజు కడపలో విమానానికి ఇంధనం దొరుకుతుందో లేదో ముందురోజే రాతపూర్వకంగా తీసుకో. లేకపోతే తిరుగు ప్రయాణం ఇంధనం కూడా మోసుకురావాలి, ఆ బరువుకి ఒకరిద్దరు దిగిపోవాలి.

పెళ్ళివాళ్ళు ఆలస్యం చేస్తారు. ఎయిర్‌పోర్టు టవరు మూసే వేళ దాటాక బయల్దేరాలంటే ముందే అర్జీ పెట్టి, పొడిగింపుకి డబ్బు కట్టాలి. "ఐదు నిమిషాలే కదా" అని పైలట్‌ని తొందరపెట్టావో, నీతో మాట్లాడను. బేగంపేట నుంచి వచ్చేటప్పుడు నల్లమల అడ్డం. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ అక్కడి వాన మబ్బుల్లోనే పోయింది. పైలట్ వద్దంటే ప్రయాణం రద్దు, డబ్బు వాపసు అని కాంట్రాక్టులో మొదటి షరతుగా రాయించు, నాయనా.

పొలం కాగితాలు బ్యాంకులో పెట్టకు. ఖాళీ గంటలు ఎర్రసిరాతో వేసి, ఆ లెక్క మళ్ళీ నాకు పంపు.

మీ మామయ్య