పనిమంతుడు మాట వినకపోతే

ప్రశ్న: సైన్యంలో, యంత్రాలూ ఆయుధాలూ మరమ్మతు చేసే ఈఎంఈ విభాగంలో, 28 ఏళ్లు పనిచేసి సుబేదారుగా పదవీ విరమణ పొందాను. రెండేళ్లుగా విశాఖపట్నం దగ్గర ఒక కర్మాగారంలో మెయింటెనెన్స్ సూపర్‌వైజరుగా ఉన్నాను. నా కింద ఒక ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. అర్ధరాత్రి లైను ఆగితే ప్యానెల్ తలుపు తీసి, వాసన పట్టి, కాలిన కాంటాక్టరు (మోటార్లకు కరెంటు కలిపే స్విచ్చు) ఏదో చెప్పగల పనిమంతుడు. కానీ పని మొదలుపెట్టే ముందు రాయాల్సిన అనుమతి పత్రం, పర్మిట్, రాయడు, లాగ్‌బుక్‌లో సంతకం చేయడు. అందరి ముందూ నిలదీస్తే, ‘లైను నడవాలా, కాగితాలు నిండాలా?’ అన్నాడు. యూనిట్‌లో అయితే కమాండింగ్ ఆఫీసరు, సీఓ సాబ్, ముందు నిలబెట్టేవాణ్ణి. ఇక్కడ ఏం చేయాలి?

జవాబు: మీ చేతిలో అప్పుడున్న అధికారం చిన్నది కాదు. 1950 నాటి సైనిక చట్టం 41వ సెక్షను ప్రకారం, పై అధికారి స్వయంగా ఇచ్చిన ఆజ్ఞను ధిక్కార బుద్ధితో పెడచెవిన పెడితే 14 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. కోర్టు మార్షల్ దాకా పోకుండానే, 80వ సెక్షను కింద కమాండింగ్ ఆఫీసరు జవానును 28 రోజుల వరకు నిర్బంధంలో ఉంచవచ్చు. అయితే అక్కడ కూడా ఆజ్ఞ చట్టబద్ధమైనదై ఉండాలి. ఫ్యాక్టరీల విషయానికి వస్తే, 2025 దాకా అమల్లో ఉన్న 1946 నాటి చట్టం కింద వచ్చిన నమూనా స్టాండింగ్ ఆర్డర్లు (కార్మికుల ఉద్యోగ నియమాలు) ‘చట్టబద్ధమైన, సమంజసమైన’ ఆదేశాన్ని కావాలని ధిక్కరించడాన్ని దుష్ప్రవర్తనగానే లెక్కించేవి కానీ, శిక్షకు ముందు ఆరోపణపత్రం, సంజాయిషీ, విచారణ ఉండాలి. అంతకన్నా పెద్ద తేడా మరొకటి ఉంది: జవాను రేపు రాజీనామా ఇచ్చి పక్క యూనిట్‌లో చేరలేడు, మీ ఎలక్ట్రీషియన్ పక్క ఫ్యాక్టరీలో చేరగలడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

మాట వినకపోవడం అంతా ఒక్క రకం కాదు. 1965లో చైనా బెదిరింపుల నడుమ, సిక్కిం సరిహద్దు కనుమలను ఖాళీ చేసి వెనక్కి రమ్మని పైనుంచి సూచన వచ్చినప్పుడు, 17వ మౌంటెన్ డివిజన్ కమాండర్ సగత్ సింగ్ నాథూలాను వదలడానికి ఒప్పుకోలేదు. పక్క డివిజన్ ఖాళీ చేసిన జెలెప్‌లా చైనా చేతికి పోయింది. ఆయన కాదన్నది పై అధికారులకే చెప్పి, కారణం చూపి, ఫలితానికి తానే పూచీపడి. మీవాడు లాగ్‌బుక్‌లో సంతకమే పెట్టడం లేదంటే, రేపు ఎవరికైనా షాక్ కొడితే ఆ రాత్రి ప్యానెల్ తెరిచింది ఎవరో కాగితం మీద ఉండదు. అందుకే దీన్ని నేర్పరి పొగరుగా చూసి వదిలేయకూడదు.

మీ వైపు పొరపాటు కూడా ఉంది, చెప్పకుండా ఉండలేను. అందరి ముందు నిలదీశారు కనుక అతను అందరి ముందే బదులిచ్చాడు. హవల్దారును జవాన్ల ఎదుట మందలిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఈసారి షిఫ్టు అయ్యాక ఒంటరిగా కూర్చోబెట్టుకుని, పర్మిట్‌లో ఏ గడి దండగ అనిపిస్తోందో అడగండి. సగం ఫిర్యాదు నిజమే కావచ్చు. నాలుగు పేజీల ఫారం ఒక పేజీకి తగ్గితే మీకు పోయేదేమీ లేదు. గంటగంటకూ రిపోర్టు చేయమనడం లాంటి ఆదేశాలు మీరేమైనా పెట్టి ఉంటే వాటిని వదిలేయండి. పర్మిట్, కరెంటు ఆపి తాళం వేయడం, సంతకం — ఈ మూడింటిలో మాత్రం బేరం లేదని చెప్పి, అదే రోజు రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. ఆ తర్వాత కూడా పర్మిట్ లేకుండా ప్యానెల్ ముట్టుకుంటే, లైను ఆగినా సరే, ఆ రాత్రికి పని నుంచి తప్పించి హెచ్‌ఆర్ ద్వారా షోకాజ్ నోటీసు ఇప్పించండి.

ఇంకొక పని ఈ వారమే మొదలుపెట్టండి. రాత్రి షిఫ్టులో ఒక ట్రైనీని అతని పక్కన నిలబెట్టండి. కాలిన కాంటాక్టరు వాసన పట్టగల ముక్కు ఫ్యాక్టరీలో ఒక్కటే ఉన్నన్నాళ్లూ, లైను ఆపడానికి మీకే చెయ్యి రాదు.