సీసా అడుగున మడ్డి ఉంటే వైన్ పాడైనట్టు కాదు

మీ అబ్బాయి ఫ్రాన్స్ నుంచి తెచ్చిన 2005 నాటి షాటో లెయోవిల్ బార్టన్ అనే ఎర్ర వైన్ సీసా అడుగున నల్లటి మడ్డి కనిపించిందనీ, పారబోయాలా అనీ అడిగారు. దయచేసి పారబోయకండి! ద్రాక్ష తొక్కల నుంచి వచ్చిన రంగు, టానిన్లు అనే వగరు పదార్థాలు ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి కలిసి, బరువెక్కి అడుక్కి దిగుతాయి. హాని లేదు, నోటికి చేదుగా, ఇసుకలా తగులుతుంది, అంతే.

ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం దగ్గర సాన్ జూలియాన్‌లోని ఈ తోట 1826 నుంచి బార్టన్ కుటుంబానిదే. దీనికంటూ సొంత భవనం లేదు. అదే కుటుంబానికి చెందిన లాంగోవా బార్టన్‌లోనే ఈ వైన్ కూడా తయారవుతుంది. ఇందులో ఎక్కువ భాగం కాబెర్నే సావిన్యాన్ అనే ద్రాక్ష రకం, తోడుగా మెర్లో, కొద్దిగా కాబెర్నే ఫ్రాన్. మంచి ఏడాది పంటైతే ఇరవై ఏళ్లు దాటినా నిలుస్తుంది.

సీసాను ఒక రోజు ముందే నిటారుగా నిలబెట్టండి. మెడ వెనుక కొవ్వొత్తి వెలిగించి, మధ్యలో ఆపకుండా గాజు కూజాలోకి మెల్లగా వంచండి. మెడలోకి పొగలాంటి మడ్డి చార రాగానే ఆపేయండి.

నాకున్న దిగులల్లా వేసవిలో సీసా వంటింటి అల్మారాలో ఉందని మీరన్న మాట గురించే, వేడికి వైన్ పాడవుతుంది కాబట్టి. బిరడా పైకి ఉబికిందా, చుట్టూ కారిన మరక ఉందా, ముందు అది చూడండి.