డాక్టర్ సలహా: రెండు చెంచాలకే నోరు బిగించేస్తోంది... పాపకి ఏం పెట్టాలి? హోటల్‌కి వెళ్తే ఎలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా పాపకి ఎనిమిది నెలలు నిండాయి. పుట్టినప్పుడు 2.8 కిలోలు, ఆరు నెలలప్పుడు 6.9, ఇప్పుడు 7.4 కిలోలు ఉంది. నా పాలు బాగానే తాగుతుంది. ఏడో నెలలో అన్నప్రాశన చేశాం. అప్పటినుంచి మెత్తటి అన్నం, పప్పు పెడుతున్నా. రెండు మూడు చెంచాలు తిని నోరు బిగించేస్తుంది. ఫోన్‌లో పాటలు పెడితే మాత్రం గిన్నె ఖాళీ చేస్తుంది. మా అత్తగారు "నీ పాలు చాలట్లేదు, గేదెపాలు అలవాటు చెయ్యి" అంటున్నారు. మా ఇంట్లో చేపో రొయ్యో లేని రోజుండదు. అవి ఎప్పటినుంచి పెట్టొచ్చు? ఆదివారాలు అందరం భీమవరమో రాజమండ్రో వెళ్లి హోటల్లో భోంచేస్తాం. అక్కడ తలా ఒక మెతుకు పాప నోట్లో పెడతారు. వద్దంటే బాగోదు, ఊరుకుంటే నాకు భయం. ఏం చెయ్యమంటారు?
- ఒక తల్లి, కోనసీమ

జవాబు: ముందు బరువు సంగతి చెబుతానమ్మా, మీ టెన్షన్ అంతా అక్కడే మొదలైంది కాబట్టి. ఎనిమిది నెలల ఆడపిల్లలకి సగటు బరువు 7.9 కిలోలు. అంతకి అర కిలో తక్కువ ఉందని కంగారు పడక్కర్లేదు. ఆరు నెలలప్పుడు సగటు 7.3 అయితే మీ పాప 6.9 ఉంది. పెరుగుదల గ్రాఫ్‌లో అప్పుడు ఏ గీత మీద ఉందో దాదాపు అదే గీత మీద ఇప్పుడూ ఉంది. రెండు నెలల్లో అర కిలో పెరిగింది. ఈ వయసుకి అది మంచి పెరుగుదలే. మొదటి మూడు నాలుగు నెలల్లో పిల్లలు గబగబా బరువు పెరుగుతారు, ఆరో నెల తర్వాత ఆ వేగం తగ్గుతుంది. అది తెలియక చాలామంది తల్లులు "పాప తినడం మానేసింది, అందుకే బరువు ఆగింది" అనుకుంటారు. పక్కింటి బాబుతో పోల్చకండి. అంగన్‌వాడీలో ఇచ్చిన తల్లీపిల్లల కార్డులో గ్రాఫ్ ఉంటుంది, నెలనెలా అందులో చుక్క పెట్టించండి. ఆ చుక్కలు గీత వెంట పైకి వెళుతున్నంత కాలం మీ పాలు చాలుతున్నాయనే అర్థం.

ఇక నోరు బిగించడం. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టి పెట్టాలి అన్నది మీరు చూసుకోవాల్సిన పని. ఎంత తినాలో మాత్రం పాపనే తేల్చనివ్వండి. ఆకలేస్తే చెంచా కనబడగానే ముందుకు వంగుతుంది, నోరు తెరుస్తుంది, మీ చెయ్యి పట్టుకుని లాక్కుంటుంది. చాలనిపిస్తే తల తిప్పేస్తుంది, పెదాలు బిగిస్తుంది, చెంచా తోసేస్తుంది, నోట్లోది ఉమ్మేసి ఆడుకుంటుంది. మాటలు రాని పిల్ల "చాలమ్మా" అని చెప్పే పద్ధతి అదే. అప్పుడు గిన్నె పక్కన పెట్టేయండి. మిగిలిందని బాధపడి, బుగ్గలు నొక్కి, కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి పొయ్యొద్దు. అలా పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పైగా రెండు వారాలు తిరిగేసరికి గిన్నె చూస్తేనే ఏడుపు మొదలవుతుంది.

ఫోన్ పెడితే గిన్నె ఖాళీ అవుతోందన్నారు. అప్పుడు పాప తింటున్నది ఆకలితో కాదమ్మా. కళ్లు బొమ్మల మీద ఉంటే నోట్లో ఏం పడుతోందో, కడుపు నిండిందో లేదో దానికి తెలియదు. కడుపు నిండగానే ఆపడం నేర్చుకునే వయసు ఇదే. ఇవాళ్టినుంచే ఫోన్ ఆపేయండి. నాలుగైదు రోజులు తక్కువ తింటుంది, కంగారు పడకండి. మీరు తినేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, కబుర్లు చెబుతూ పెట్టండి. చేత్తో కెలుక్కోనివ్వండి, ఒళ్లంతా పూసుకోనివ్వండి. ఒక కొత్త రుచి అలవాటవ్వాలంటే ఎనిమిది పదిసార్లు పెట్టాల్సి రావచ్చు. మొదటిసారి మొహం చిట్లించిందని ఆ కూర మానేయొద్దు.

మూడు చెంచాలే తిన్నా ఆ మూడింటిలో బలం ఉండాలి. మనవైపు చాలా ఇళ్లల్లో జరిగేది ఏంటంటే, పప్పు కట్టో చారో పోసి అన్నాన్ని జారుగా కలిపి పెడతారు. పాప కడుపు చిన్నది, నీళ్లతోనే నిండిపోతుంది. పప్పు కట్టు కాదు, పప్పే పెట్టండి. పిడికెడు బియ్యానికి అందులో సగం పెసరపప్పు వేసి కుక్కర్లో బాగా మెత్తగా ఉడికించండి. మిక్సీ అక్కర్లేదు, వేళ్లతో మెదపండి, చిన్న పలుకులు ఉండొచ్చు. ఒక చెంచా నెయ్యి వేయండి. చెంచా కొంచెం వంచితే జారిపోకుండా నిలబడాలి, అదీ సరైన గట్టిదనం. ఇందులోనే ఒక రోజు తోటకూర, ఒక రోజు గుమ్మడికాయ, ఒక రోజు క్యారెట్ వేసి ఉడికించండి. ఉప్పు వేయకపోయినా పాపకి తేడా తెలియదు, మీరు రుచి చూసి చప్పగా ఉందని కలపకండి. రోజుకి మూడు పూటలు పెట్టండి. ఈ వయసుకి పూటకి అర కప్పు తింటే బాగా తిన్నట్టే. ఒక పూట రెండు చెంచాలు, ఇంకో పూట కప్పు నిండా తినే పిల్లలూ ఉంటారు. తల్లిపాలు రెండేళ్లు నిండేదాకా, వీలైతే ఆపైన కూడా ఇవ్వండి.

మీ అత్తగారు ప్రేమతోనే చెబుతున్నారు. ఆవిడ కాలంలో అందరూ చేసిందే అది. కానీ ఏడాది నిండేదాకా గేదెపాలు గానీ ఆవుపాలు గానీ గ్లాసుతో, సీసాతో తాగించొద్దు. వాటిలో ఇనుము చాలా తక్కువ. కొందరు పిల్లల్లో ఆ పాల వల్ల పేగుల నుంచి కంటికి కనబడనంత రక్తం పోతుంటుంది కూడా. గ్లాసు పాలు తాగిన పిల్లకి అన్నం మీద ఆకలి పుట్టదు, అప్పుడు మీ బాధ రెట్టింపవుతుంది. ఇంట్లో తోడు పెట్టిన కమ్మటి పెరుగు రెండు మూడు చెంచాలు పెట్టొచ్చు. టీలో ముంచిన బిస్కెట్ మాత్రం వద్దు, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ఇనుము గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. పుట్టేటప్పుడు ఒంట్లో దాచుకుని వచ్చిన ఇనుము ఆరో నెలకల్లా అయిపోతుంది. తల్లిపాలలో ఉండేది కొంచెమే. అన్నం, నెయ్యి, అరటిపండుతో ఆ లోటు తీరదు. అందుకే చేప, గుడ్డు, మాంసం ఏడాది దాకా ఆగక్కర్లేదు, ఆరు నెలలు నిండిన పిల్లలకి పెట్టొచ్చు. ఇవాళే మొదలుపెట్టండి. ఆశా కార్యకర్త గానీ ఏఎన్ఎం గానీ ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు చొప్పున వేయాలి. మలం నల్లగా వస్తే భయపడకండి, అది సిరప్ వల్లే.

చేపల దగ్గర మీరు అదృష్టవంతులు. కొర్రమీను, పండుగప్ప, చందువా, ఈ మూడింటిలో సన్నముళ్లు తక్కువ, పాపకి ఇవే మంచివి. పులుసులో కారం, చింతపండు పడకముందే ఒక ముక్క పక్కకి తీసి, చిటికెడు పసుపేసి ఆవిరి మీద ఉడికించండి. తోలు, వెన్నుముల్లు తీసేసి, తెల్ల పళ్లెంలో వేసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొంచెం కొంచెంగా నలుపుతూ వెళ్లండి. కంటికి ఆనని ముల్లు వేలికి తగులుతుంది. ఈ పని తొందరలో ఉన్నప్పుడు చేయొద్దు, వేరేవాళ్లకి అప్పగించొద్దు. శీలావతి, బొచ్చెల్లో కండ మధ్యలో చీలిన సన్నముళ్లు ఉంటాయి కాబట్టి పొట్ట భాగం మాత్రమే తీసుకుని అంతే జాగ్రత్తగా చూడండి. ఇక పులస. సీజన్‌లో ఇంటికి వస్తే పాపకి రుచి చూపించాలని అందరికీ ఉంటుంది, కానీ దానికున్నన్ని ముళ్లు పెద్దవాళ్లకే ఇబ్బంది. పిల్ల పెద్దయ్యాక తింటుంది లెండి. రొయ్యలు తోలు, నల్ల నరం తీసి బాగా ఉడికించి, మెత్తగా రుబ్బి అన్నంలో కలపండి, ముక్కలుగా వద్దు. ఎండు మెత్తళ్లలో, ఎండు రొయ్యల్లో ఉప్పు మరీ ఎక్కువ. సొరచేపలో పాదరసం పేరుకుంటుంది. బాలింతలకి సొరపుట్టు మంచిదని చేసి పెడతారు గానీ పాపకి అసలు వద్దు, పాలిచ్చే మీరు కూడా తరచుగా తినకండి.

చేప, రొయ్య, గుడ్డు, వేరుశనగ ముద్ద, వీటిలో ఏది కొత్తగా పెట్టినా పగటిపూట ఒక్కొక్కటే, అర చెంచాతో మొదలుపెట్టి రెండు మూడు రోజులు చూడండి. ఒంటిమీద దద్దుర్లు, పెదాల వాపు, వెంటవెంటనే వాంతులు వస్తే అది ఆపేసి డాక్టరుకి చూపించండి. ఊపిరి కష్టంగా తీస్తుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు ఆదివారం హోటల్. వెళ్లడం మానక్కర్లేదు. మీరూ ఇంట్లోంచి బయటపడాలి, నలుగురితో కూర్చుని వేడి భోజనం చేయాలి, తల్లికి అది అవసరం. కాకపోతే పాపని ఆకలితో తీసుకెళ్లకండి. మీరు చించినాడ వంతెన దాటి భీమవరం చేరి, టేబుల్ దొరికి, ప్లేట్లు వచ్చేసరికి పాప ఆకలివేళ దాటిపోయి నిద్రవేళ అవుతుంది. బయల్దేరే ముందు ఇంట్లోనే పెట్టి, పాలిచ్చి బయల్దేరండి. ఇంటి దగ్గర కలిపిన అన్నం ఫ్లాస్కులోనో టిఫిన్ బాక్సులోనో పట్టుకెళ్లి మధ్యాహ్నం రెండింటికి పెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఇది నాకు హోటల్ తిండి కంటే ఎక్కువ భయం. గోరువెచ్చగా గంటలకొద్దీ ఉన్న అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విషాన్ని వదులుతుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వండిన అన్నం రెండు గంటలు దాటితే పాపకి వద్దు. దాని బదులు అటుకులు, పుట్నాలు దోరగా వేయించి మెత్తగా పొడి చేసి డబ్బాలో పట్టుకెళ్లండి. ఫ్లాస్కులో మరిగిన నీళ్లు ఉంచుకుంటే అక్కడికక్కడ కలిపి, చల్లార్చి పెట్టొచ్చు. తొక్కతో ఉన్న అరటిపండు కంటే శుభ్రమైన ప్రయాణపు తిండి లేదు. రాజమండ్రి వెళ్తే దారిలో రావులపాలెంలో చక్కెరకేళి దొరకనే దొరుకుతుంది. గిన్నె, చెంచా, కాచి చల్లార్చిన నీళ్లు ఇంటివే ఉండాలి. పెట్టే ముందు మీ చేతులు, పాప చేతులు సబ్బుతో కడగండి.

హోటల్లోది పెట్టాల్సే వస్తే పొగలు వచ్చే ఇడ్లీ, వేడి తెల్లన్నం, మీ ముందే తొక్క తీసిన ఉడికించిన గుడ్డు పర్వాలేదు. చట్నీ, కోసిన పండ్ల ముక్కలు, బయట పెట్టిన పెరుగు, ఐసు వేసినవి వద్దు. బిర్యానీలో కారం మాత్రమే కాదు, ఉప్పూ ఎక్కువే. ఏడాదిలోపు పిల్లకి రోజంతా కలిపి గ్రాము ఉప్పు కూడా అక్కర్లేదు. చికెన్ ముక్కలో చిన్న ఎముక చిప్ప ఉన్నా చూసుకోవడం కష్టం.

తలా ఒక మెతుకు పెట్టే చుట్టాల్ని మీరొక్కరే ఆపలేరు. ఆ మాట మీవారి చేత అనిపించండి, "డాక్టరు గట్టిగా చెప్పారు" అని నా మీద పెట్టేయండి. పెట్టాలని ముచ్చట పడేవాళ్లకి మీరు కలిపిన గిన్నె, చెంచా ఇచ్చి "మీరే పెట్టండి పిన్నీ" అంటే వాళ్ల ముచ్చటా తీరుతుంది. పూతరేకు, కాజా రెండేళ్లదాకా ఆగాలి. పూతరేకు తడి తగలగానే అంగిట్లో అతుక్కుంటుంది కూడా. తేనె ఏడాదిలోపు నాలుకకి రాయడం కూడా వద్దు. అందులో ఉండే బీజాల వల్ల పసిపిల్లల్లో కండరాలు పడిపోయే బొటులిజం అనే జబ్బు రావచ్చు. వేరుశనగ గింజలు, జీడిపప్పు, ద్రాక్ష, ముదురు కొబ్బరి ముక్క, జంతికలు, చేగోడీలు పాప చేతికి అందే చోట ఉంచకండి.

ఇది మాత్రం ఇంట్లో అందరికీ నేర్పండి. పాప దగ్గుతూ, ఎర్రబడి, శబ్దం చేస్తుంటే గొంతు తనే సర్దుకుంటోంది, దగ్గనివ్వండి. శబ్దం రాకుండా, ఏడవలేక, పెదాలు నీలంగా మారితే గొంతుకి అడ్డం పడినట్టు. వెంటనే ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉండేలా పట్టుకుని, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు వేయండి. బయటికి రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ముల గీతకి కాస్త కింద ఛాతీ మధ్యలో ఒక అరచేతి మడమతో ఐదుసార్లు నొక్కండి. వచ్చేదాకా మార్చి మార్చి చేస్తూ, పక్కవాళ్లని 108కి ఫోన్ చేయమనండి. కదలిక ఆగిపోతే 108 వాళ్లు ఫోన్‌లో చెప్పినట్టు చేయండి. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి తడమకండి, ఇంకా లోపలికి పోతుంది.

వరసగా రెండు నెలలు బరువు పెరగకపోయినా, తగ్గినా, రోజుకి ఐదారుసార్ల కంటే తక్కువ మూత్రం పోస్తున్నా, ప్రతి ముద్దకీ పొలమారుతున్నా, మలంలో రక్తం కనబడినా, అరచేతులు పాలిపోయినా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వాంతులు, విరేచనాలు అయితే బొండాం నీళ్లతో సరిపెట్టకుండా ఓఆర్ఎస్ పట్టండి, మీ పాలు ఆపొద్దు. తొమ్మిది నెలలు నిండగానే మీజిల్స్-రుబెల్లా టీకా, విటమిన్ 'ఎ' చుక్కలు ఉంటాయి. ఆ రోజు బరువు తూయించి, అవసరమైతే హిమోగ్లోబిన్ కూడా చూడమని అడగండి. పాప ఏం తింటోందో ఓ వారం పాటు కాగితం మీద రాసి తీసుకెళితే, డాక్టరు ఏం మార్చాలో అక్కడే చెప్పగలుగుతారు.