లక్షన్నర పెట్టి న్యూరో కోచ్ కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మాది గాజువాక. నేను స్టీల్ ప్లాంట్ ఉద్యోగిని. మా అమ్మాయి బీకాం ఆఖరి ఏడాది. ఆరు నెలల న్యూరో కోచ్ (మెదడు పరిశోధనల పేరుతో ఉద్యోగులకు శిక్షణ ఇచ్చేవాళ్లు) సర్టిఫికెట్ చేస్తే కంపెనీల్లో ట్రైనర్‌గా మంచి జీతం వస్తుందని ఒక సంస్థవాళ్లు చెప్పారు. ఫీజు లక్షన్నర, ఐదు వేలు అడ్వాన్స్ కట్టేశాను. అది మేలా, ఎంబీఏ హెచ్ఆర్ మేలా? అమ్మాయికి ఏకాగ్రత తక్కువ, ఎప్పుడూ ఫోనే. ఈ కోర్సుతో అదీ బాగుపడుతుందని ఆశ. శని, ఆదివారాలు జగదాంబ దగ్గర బట్టల షోరూమ్‌లో బిల్లింగ్ చేస్తుంది, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పుతుంది. మానేయమంటే వినదు. చుట్టాలకు చెప్పుకోలేకపోతున్నాం.

జవాబు: ఈ మధ్య ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి. కోర్సు పేర్లు మారుతుంటాయి గానీ అడిగే భయం ఒక్కటే. డిగ్రీ అయ్యాక పిల్ల ఖాళీగా కనిపిస్తే నలుగురూ ఏమంటారో అని. బీకాం తర్వాత ఏం చేయాలో తేల్చుకోవడానికి కొన్ని నెలలు పట్టినా కొంపేమీ మునగదు. ఆ టెన్షన్‌లో డబ్బు కట్టేయడమే ప్రమాదం. ఐదు వేలు తిరిగి అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. అవి పోతాయని మిగతా లక్షా నలభై ఐదు వేలు కట్టకండి.

మెదడు పేరు చెబితే సరుకు అమ్ముడవుతుంది. 2008లో అమెరికాలో డీనా వైస్‌బర్గ్ బృందం దీన్నే పరీక్షించింది. తప్పుడు వివరణకు మెదడు గురించి సంబంధం లేని మాట ఒకటి తగిలించి చూపిస్తే, మామూలు జనానికీ న్యూరోసైన్స్ (మెదడు శాస్త్రం) క్లాసులో కూర్చున్న విద్యార్థులకూ అది బాగానే ఉందనిపించింది. నిపుణులు మాత్రం ఆ బుట్టలో పడలేదు. కాబట్టి బ్రోచర్ చూసి మీరు మెత్తబడటంలో వింతేం లేదు.

నేర్చుకోవడం గురించి నిజంగా పనికొచ్చే సంగతుల్లో చాలావాటికి స్కానింగ్ యంత్రం అక్కర్లేదు. ఒకేసారి రుద్దినదానికంటే రోజుల ఎడం ఇచ్చి చదివింది నిలుస్తుందని జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే రాశాడు. 2006లో రోడిగర్, కార్పికె విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి చూశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, మళ్లీ మళ్లీ చదివినవాళ్లది పైచేయి. వారం తర్వాత పెడితే, కాగితం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లది. కంపెనీ ట్రైనింగులకు పట్టిన రోగం ఇదే. హోటల్ హాల్లో పొద్దుటి నుంచీ స్లైడ్లు వేసి, సాయంత్రం ఫీడ్‌బ్యాక్ ఫారాలు నింపించుకుని, బ్రహ్మాండంగా జరిగిందని రిపోర్టు రాస్తారు. వారం తర్వాత ఎవరికి ఎంత గుర్తుందో అడిగే నాథుడు ఉండడు.

ఇక డోపమిన్, మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం. దాన్ని పెంచి ఉద్యోగుల్లో ఉత్సాహం నింపుతామని చెప్పే కోచ్‌ల మాట నేను నమ్మను. వోల్‌ఫ్రామ్ షుల్జ్ అనే శాస్త్రవేత్త కోతులకు పళ్లరసం చుక్కలు ఇచ్చి చూసిందేమిటంటే, అనుకోకుండా రసం దొరికితే డోపమిన్ కణాలు చురుగ్గా స్పందిస్తాయి, ముందే తెలిసి వచ్చిన రసానికి ఆ ఉలుకు ఉండదు. గొప్ప పరిశోధనే. కానీ అక్కడి నుంచి మధురవాడ ఆఫీసులో టార్గెట్లతో సతమతమయ్యే కుర్రాడి దాకా చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని మాటలతో దాటించి ఫీజు తీసుకుంటున్నారు.

ఏకాగ్రత గురించి ప్లాంట్‌లో పనిచేసే మీకు నేను చెప్పాలా? సీ షిఫ్ట్‌లో తెల్లవారుజామున నాలుగింటికి చూపు ఎంత నిలుస్తుందో మీకే తెలుసు. ఆ వేళ ఏ కోచ్ వచ్చి ఊదరగొట్టినా నిద్ర నిద్రే. షిఫ్టులు వేసే అధికారం ఉన్నవాళ్లు మార్చాల్సిన విషయం అది. అందుకే ఈ కోర్సులు కంపెనీలకూ సుఖం. తప్పు పని పద్ధతిలో లేదు, ఉద్యోగి మెదడులో ఉంది అనేయొచ్చు.

మీరు ఇంట్లో చేస్తున్నదీ అదే, ఏమీ అనుకోకండి. శనివారం సాయంత్రం రద్దీలో కౌంటర్ దగ్గర నిలబడి, బిల్లులు కొడుతూ, పక్కన కొత్తవాళ్లకు నేర్పే పిల్లకు ఏకాగ్రత తక్కువా? మీరు చూపించిన పుస్తకం మీద ధ్యాస లేదేమో. అది వేరే సంగతి. ఎడ్వర్డ్ డెసీ అనే సైకాలజిస్ట్ 1971లో కాలేజీ పిల్లలకు పజిల్స్ ఇచ్చి చూశాడు. డబ్బులిచ్చి, ఆ తర్వాత ఆపేస్తే, వాటిని ఊరికే సరదాగా ఆడటం కూడా తగ్గింది. సొంత ఇష్టం అంత సున్నితమైంది. మీ అమ్మాయి ఎవరూ చెప్పకుండా నేర్పే పనిలో పడితే, మీరు సిగ్గుపడుతున్నారు! ఇంత ఉత్తరంలో తనకేం కావాలో ఒక్క మాట లేదు. అడిగారా అసలు?

ఎంబీఏ సంగతి అడిగారు. ఎంబీఏ హెచ్ఆర్ చేస్తే మొదట నియామకాలు, జీతాల పని దొరకొచ్చు, ట్రైనింగ్ విభాగానికి తర్వాత మారొచ్చు. మనిషి ఎలా నేర్చుకుంటాడో నిజంగా తెలుసుకోవాలని ఉంటే ఆంధ్రా యూనివర్సిటీలోనే సైకాలజీ విభాగం ఉంది. బీకాం వాళ్లకు అర్హత ఉందో లేదో ఈ ఏటి పీజీసెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) నోటిఫికేషన్‌లో చూసుకోండి. రెండూ మంచివే. ఏది చేసినా స్టాటిస్టిక్స్ వదలొద్దనండి. 2009లో క్రెయిగ్ బెనెట్ అనే పరిశోధకుడు చచ్చిన సాల్మన్ చేపను ఎంఆర్ఐ స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు చూపించాడు. వేల చుక్కలను ఒకేసారి పరీక్షించినప్పుడు లెక్కల్లో చేయాల్సిన సవరణ చేయకపోతే ఆ చేప మెదడు కూడా పనిచేస్తున్నట్టే కనిపించింది. లెక్క తెలిస్తే రంగు బొమ్మలు చూసి మోసపోదు.

ప్రస్తుతానికి షోరూమ్ మానిపించకండి. ఈసారి కొత్తవాళ్లు చేరినప్పుడు కొందరికి మామూలుగా అంతా ఒకేరోజు చూపించమనండి. మిగతావాళ్లకు అదే పని మూడు రోజులకు పంచి, రోజూ ముందు నిన్నటిది చూడకుండా చేయించమనండి. వారం తర్వాత ఎవరి బిల్లుల్లో ఎన్ని తప్పులో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. నలుగురైదుగురితో ఏదీ రుజువు కాదు గానీ, ట్రైనర్ ఉద్యోగానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్ కంటే ఆ కాగితం మీదే మాట సాగుతుంది. మొదలుపెట్టే ముందు మేనేజర్‌కు చెప్పి అనుమతి తీసుకోమనండి, సేల్స్ అంకెలు మాత్రం అందులో రాయకూడదు.