‘పేషెంటుతో సంబంధం’ అన్న గీత

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. సుప్రీంకోర్టు తీర్పు రోజు టీవీ ముందు గే జంట ఇద్దరూ కౌగిలించుకుని ఏడవడంతో మొదలై, దాదాపు అక్కడే ఆగిపోయింది. పెళ్లి కోసం వాళ్ల ఎదురుచూపు గురించి రాస్తున్నానన్నావు గానీ, అందులో ఎదురుచూపు ఒక్క మధ్యాహ్నం పాటే ఉంది.

ముందు తేదీలు సరిచూసుకో. ‘377 పోయిందిగా, ఇక పెళ్లే’ అంటాడు నీ కథలో చిన్నవాడు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఆ 377వ సెక్షన్‌లోంచి తీసేసింది స్వలింగ సంబంధం నేరమన్న ముద్రని, అదీ ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ల వరకే. పెళ్లి సంగతి 2023 అక్టోబర్ 17న తేలింది. తేలలేదనాలేమో. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదన్న దగ్గర ఐదుగురు జడ్జీలదీ ఒకటే మాట. సివిల్ యూనియన్ దగ్గర, అంటే పెళ్లి అనకుండా జంటకి చట్టం గుర్తింపు ఇవ్వడం దగ్గర, 3–2గా చీలారు, ఇవ్వాలన్నది జడ్జీలు చంద్రచూడ్, కౌల్ ఇద్దరే. చట్టం చేయాల్సింది పార్లమెంటే అన్నారు. రివ్యూ పిటిషన్లను 2025 జనవరి 9న కొట్టేశారు. ఆ కేసులో మొదటి పేరు సుప్రియో చక్రవర్తిది, హైదరాబాద్ వాసి. కాబట్టి ఎక్కడో ఢిల్లీ సంగతిలా దూరం పెట్టి రాయకు. ఇవన్నీ కథలో కుక్కమని కాదు. ఏ రోజుకి ఆ ఇద్దరికీ ఏం తెలుసో నీకు తెలిసుండాలి.

ఆస్పత్రి సీను తిరగరాయి. బ్యాగులోంచి పవర్ ఆఫ్ అటార్నీ తీయగానే ఐసీయూ తలుపు తెరుచుకుంటుంది నీ కథలో. తెరుచుకోదు. రాసిచ్చినవాడికి మతి స్థిమితం పోతే మామూలు పవర్ ఆఫ్ అటార్నీకి బలం ఉండదు, ప్రాణం పోతే అసలే చెల్లదు. అక్కడ నర్సు అడిగేది ఒకటే: “రక్త సంబంధీకులెవరైనా వచ్చారా?” కన్సెంట్ ఫారంలో ‘పేషెంటుతో సంబంధం’ అని రెండంగుళాల గీత. అతను ఫ్రెండ్ అని రాస్తాడా, కజిన్ అనా? ఇంటి ఓనరుకి కజిన్ అనే చెప్పుకుని ఉండి, ఆ ఓనరే ఇప్పుడు పక్కన నిలబడి ఉంటే? పెన్ను ఆ గీత మీద ఆగినంతసేపూ కథని కదలనివ్వకు. ముందుచూపున్న జంటైతే ముందస్తు వైద్య నిర్దేశం రాసిపెట్టుకుంటారు. 2023 జనవరి నుంచి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. కానీ అది ప్రాణాధార చికిత్స కొనసాగించాలా ఆపాలా అన్నదానికే, విజిటింగ్ పాసుకి కాదు.

నామినీ అయితే డబ్బు తనదే అనుకోవడం ఇంకో పొరపాటు. క్వీర్ జంటలు, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటి జంటలు, జాయింట్ ఖాతా తెరవొచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు అని ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. నిజమే, బ్యాంకు డబ్బు నామినీ చేతికిస్తుంది. వారసులు మాత్రం వేరే. వీలునామా లేకపోతే, హిందువైన పెళ్లికాని మగవాడి ఆస్తి, పిల్లలు లేనప్పుడు, ముందు తల్లికే. ఆ తల్లిని దయచేసి విలన్ని చేయకు. చట్టం ఇచ్చినదాన్ని ఆమె అడిగి తెచ్చుకోలేదు. పీఎఫ్‌లో ఇంకా చిత్రం: తన మీద ఆధారపడ్డ తల్లిదండ్రులున్నవాడు బయటివాళ్లని నామినీగా రాస్తే చెల్లనే చెల్లదు.

వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు కావాలి. అందులో ఏముందో సాక్షులకి చదివి వినిపించాల్సిన పనీ లేదు. అయినా ఎవరో ఒకరు అడుగుతారు, “ఇంతకీ ఈయన నీకేమవుతాడు?” అని. నీ అసలు కథ ఆ సాక్షి సంతకాల టేబుల్ దగ్గరుందని నాకనిపిస్తోంది.

పత్రికలు వాడే ‘స్వలింగ సంపర్కులు’ అన్న మాట నీ కథనంలో వద్దు. పన్నెండేళ్లుగా కరెంటు బిల్లు పంచుకుంటున్నవాళ్లని ఆ మాట పడకగదిలోకి ఈడ్చేస్తుంది. వాళ్లు తమని గే అనుకుంటారు, పార్ట్‌నర్ అంటారు, అలాగే ఉంచు. మేనత్త మాత్రం ‘ఆ గొడవ’ అంటే చాలు.

చివర్లో ఉంగరాలు మార్చుకుంటారుగా, ఉంచు. అది నేరమూ కాదు, చట్టం లెక్కలో పెళ్లీ కాదు. కానీ మర్నాడు సోమవారం చెయ్యి. ఆఫీసులో హెల్త్ ఇన్సూరెన్స్ ఫారం తెరుచుకుంటుంది: మ్యారీడ్, అన్‌మ్యారీడ్, రెండే గడులు. వేలికి ఉంగరం ఇంకా కొత్త. అతను ఏది నొక్కుతాడో రాసి పంపు.